సజ్జకు వంకాయ రంగు

కొత్త పూలమొక్కలకు, కూరగాయలకు అమెరికాలో ఆల్ అమెరికా సెలెక్షన్స్ అనే సంస్థ బహుమతులిస్తుంది. 1932 నుంచి నడుస్తున్న సంస్థ అది. కొత్త విత్తనం ఏదైనా వస్తే, దాన్ని పంపిందెవరో చెప్పకుండా రకరకాల వాతావరణాల్లోని పరీక్షా తోటల్లో వేసి సీజనంతా చూస్తారు. అప్పటికే ఉన్న రకాలకంటే మేలనిపిస్తేనే బహుమతి. బంగారు పతకం మరీ అరుదు, ప్రతి ఏడాదీ ఇవ్వరు. 2003లో ఆ పతకం ఒక సజ్జ మొక్కకు దక్కింది.

అవును, సజ్జే. మనం రొట్టె చేసుకునే సజ్జ, సంకటి వండుకునే సజ్జ, సంక్రాంతికి బూరెలు చేసుకునే సజ్జ. ఆ రకం పేరు పర్పుల్ మెజెస్టీ. నాలుగైదు అడుగుల ఎత్తు పెరుగుతుంది. ఆకు, కాండం, కంకి అన్నీ ముదురు వంకాయ రంగు. ఎండ బాగా తగిలినచోట ఆ రంగు దాదాపు నలుపులోకి దిగుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల కంకి నిటారుగా నిలబడి, చెరువుగట్టు జమ్ము కంకిని తలపిస్తుంది. అక్కడి తోటల్లో పూలమడి వెనక వరసలో ఎత్తు కోసం, గాలికి ఊగే కదలిక కోసం గడ్డిజాతులు పెంచడం రివాజు. వాటిలో చాలావాటిని దుబ్బులు విడదీసి నాటుకోవాలి. విత్తనంతో వచ్చేవి కూడా కొన్ని రెండో ఏటికి గానీ ఒక రూపానికి రావు. ఈ సజ్జ మాత్రం గింజ వేసిన రెండు నెలలకు అటూఇటూగా కంకి వేసి నిలబడుతుంది.

ఈ మొక్క గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం పతకం కాదు, దాని వెనక ఉన్న పనితనం. అలంకరణ మొక్కలు తయారుచేసేవాళ్లు పూరెక్కలను రెట్టింపు చేస్తారు, మొక్కను మరుగుజ్జు చేస్తారు, ఆకును వంకర్లు తిప్పుతారు. ఒక్కోసారి మొదటి మొక్క ఏదో గుర్తుపట్టలేనంతగా మార్చేస్తారు. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. సజ్జ నడుము సజ్జ నడుమే, ఆకు తీరు సజ్జ ఆకు తీరే, కంకి సజ్జ కంకే. రంగును చిక్కబరిచారు, ఎత్తును అదుపులో ఉంచారు, మిగతాదాని జోలికి పోలేదు. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలిసినవాళ్ల పని అది. పొలం గట్టు మీద నిలబడి చూసిన ప్రతివాళ్లకూ కనిపించే అందాన్నే, ఎన్నడూ అలా నిలబడి చూడనివాళ్ల ఇంటి ముందుకు తెచ్చారు.

దీన్ని తయారుచేసింది నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ ఆండ్రూస్. ఆయన నెబ్రాస్కా వెళ్లకముందు పనిచేసింది మన పటాన్‌చెరులో. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ అనే పంటల పరిశోధనా సంస్థలో తొలినాళ్ల సజ్జ పరిశోధనను ముందుండి నడిపినవాళ్లలో ఆయనొకరు. ఆ రోజులు సజ్జకు గడ్డురోజులు. 1970ల మొదట్లో కొత్తగా వచ్చిన హైబ్రిడ్ సజ్జలను వెర్రికంకి తెగులు ఊడ్చిపెట్టింది. కంకి గింజ పట్టకుండా ఆకుల గుబురుగా మారిపోయే తెగులు అది. ఆఫ్రికాలో కూర్చిన మిశ్రమ సజ్జ నుంచి ఏరి తీసిన డబ్ల్యూసీ-సీ75 అనే రకాన్ని ఇక్రిశాట్ మన రైతులకు అందించింది. 1982లో విడుదలైన ఆ రకం తెగులును తట్టుకుని నిలబడింది. అమెరికాలోనూ ఆండ్రూస్ పని ధాన్యపు సజ్జ మీదే, అక్కడి మైదానాల్లో యంత్రంతో కోసుకోవడానికి వీలైన పొట్టి సజ్జల మీదే. తిండిగింజల కోసం జీవితమంతా సజ్జ మడుల మధ్య నడిచిన మనిషి చేతి నుంచే ఈ అలంకరణ మొక్క వచ్చిందనేది నాకు చాలా ముఖ్యమైన విషయం. కంకి ఎలా నిలబడాలో, కాండం ఎక్కడ వంగుతుందో, ఏ ఆకు ఎప్పుడు రాలుతుందో ఆయనకు అలవాటైన విద్య. పూలతోటల వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆ చూపు అంత తేలిగ్గా అబ్బదు.

ప్యాకెట్‌లోని గింజలన్నీ ఒకే ఎత్తుకు పెరిగి ఒకే రంగు తేలడం వెనక ఇంకో పెద్ద పని ఉంది. పర్పుల్ మెజెస్టీ హైబ్రిడ్ విత్తనం. అంటే రెండు తల్లిదండ్రుల వరసలను వేరువేరుగా, తరాల తరబడి తమలో తాము గింజ కట్టుకునేలా చేసి, ఎత్తు, రంగు, కంకి పొడవు కదలకుండా స్థిరపడ్డాక ఆ రెంటినీ కలుపుతారు. చెప్పడానికి తేలికే. సజ్జలో ఇది చాలాకాలం సాధ్యపడలేదు. ఒక్క కంకిలో వెయ్యికి పైగా చిరుపూల జతలు ఉంటాయి. ఒక్కోటి గింజ పరిమాణం కూడా ఉండదు. ఆడ, మగ భాగాలు రెండూ అందులోనే. ఒక వరస ఆడమొక్కగా పనిచెయ్యాలంటే పూలన్నిట్లోంచి పుప్పొడి తిత్తులను తీసేయాలి. పొలం మొత్తానికి పట్టకారుతో ఆ పని చెయ్యడం మనిషి వల్ల అయ్యేది కాదు.

జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త దీనికి దారి చూపించారు. పుప్పొడి దానంతటదే పనికిరాకుండా పోయే సజ్జ వరసను ఆయన గుర్తించి నిలబెట్టారు. టిఫ్ట్ 23ఏ అని దానికి పేరు. ఆ విత్తనం మనదేశానికి వచ్చింది. లూథియానాలో దిల్‌బాగ్ సింగ్ అత్వాల్ దాన్ని ఆడవరసగా వాడి 1965లో హెచ్‌బీ-1 అనే సజ్జ హైబ్రిడ్‌ను విడుదల చేశారు. ధాన్యం కోసం ఈ పద్ధతిలో వచ్చిన తొలి సజ్జ హైబ్రిడ్ అదే. ఈ రోజు హైబ్రిడ్ సజ్జ విత్తనం కొని వేసే ప్రతి రైతూ ఆ ఎరుక ఫలితాన్ని అనుభవిస్తున్నట్టే. బర్టన్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆయన గరిక మీద కూడా జీవితకాలం పనిచేశారు. గోల్ఫ్ మైదానాల్లో తివాచీ పరిచినట్టుండే టిఫ్‌వే అనే పచ్చిక ఆయన 1960లో విడుదల చేసిన గరిక సంకరమే. వినాయకుడి పూజకు మనం కోసుకొచ్చే గరికనూ, సజ్జనూ ఒకే మనిషి అంత శ్రద్ధగా చదివాడని తెలిశాక, గడ్డిజాతుల మీద నాకున్న గౌరవం రెట్టింపయింది.

ఎత్తు సంగతి కూడా చూడాలి. ఆఫ్రికాలో సహారా దిగువ పొలాల్లో కొన్ని సజ్జలు మనిషి తలకు మించి ఎంతో ఎత్తు పెరుగుతాయి. సజ్జను పొట్టిగా చేసే జన్యువుల్లో బాగా వాడుకలో ఉన్నదాని గుణం ఏమిటంటే, అది కణుపుకూ కణుపుకూ మధ్య దూరాన్ని మాత్రమే తగ్గిస్తుంది. ఆకులు తగ్గవు, కంకి చిన్నదవదు. దాంతో ఆకులు దగ్గరదగ్గరగా చేరి మొక్క నిండుగా కనబడుతుంది. ధాన్యం కోసం, పంట పడిపోకుండా ఉండటం కోసం వెతికిన గుణం కుండీలో పెంచే మొక్కకు కూడా వరమైంది.

ఇక గింజ దగ్గరికి వద్దాం. ఎందుకంటే ఈ మొక్క అందంలో సగం, విత్తనం నుంచి పెంచుతూ రోజూ చూసినవాళ్లకే దక్కుతుంది. నర్సరీలో తయారైన మొక్క కొనుక్కొచ్చినవాళ్లకు చివరి రంగే తెలుస్తుంది, ఆ రంగు ఎక్కిన తీరు తెలియదు.

సజ్జ గింజ చిన్నది. వెయ్యి గింజలు తూస్తే పది గ్రాములకు అటూఇటూగా ఉంటాయి. అర అంగుళం లోతున వేస్తే చాలు. నీళ్లు నిలవని మట్టి కావాలి. మామూలు ఎర్రమట్టిలో మూడోవంతు ఇసుక, మూడోవంతు బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. వెచ్చదనం ఉంటే రెండు నుంచి నాలుగు రోజుల్లో మొలక పైకొస్తుంది. చలిలో వేస్తే గింజ కుళ్లుతుంది, మొలిచినా ఎదగదు. సజ్జ వేడి నేలల బిడ్డ, ఆ విషయంలో బతిమాలినా వినదు. అందుకే అమెరికాలో పెంచేవాళ్లు మంచు కురిసే భయం పూర్తిగా పోయి, నేల వెచ్చబడ్డాకే బయట నాటుతారు. మన దగ్గర తొలకరి పడి మృగశిర కార్తె దాటాక సమయం అనువుగా ఉంటుంది.

మొలక ఆకుపచ్చగా వస్తుంది. వంకాయ రంగు కోసం ఆశగా ప్యాకెట్ కొన్నవాళ్లు చాలామంది ఇక్కడ నిరాశపడతారు, మోసపోయామనుకుంటారు. కంగారుపడాల్సిన పనిలేదు. రంగు గింజలో ఉంది, కానీ దాన్ని పైకి తెచ్చేది ఎండ. నేరేడుపండుకు, వంకాయ తొక్కకు రంగునిచ్చే పదార్థాల జాతికి చెందినదే ఈ ఆకుల్లోనూ తయారవుతుంది. యాంథోసయనిన్ అంటారు. నేరుగా ఎండ తగిలితేనే అది నిండుగా ఊరుతుంది. కిటికీ పక్కన, నీడ వలల కింద ఉంచిన నారు ఎన్నాళ్లయినా పచ్చగానే ఉండిపోతుంది. అదే నారును బయటపెట్టి ఎండకు అలవాటు చేస్తే కొద్దిరోజుల్లో తేడా తెలుస్తుంది.

రంగు ఒక్కసారిగా రాదు. ముందు నడి ఈనె ముదురుతుంది. ఆకు మధ్యలో వంకాయ రంగు గీత, రెండువైపులా ఇంకా పచ్చదనం. తర్వాత ఆ గీత నుంచి రంగు అంచులకు పాకుతుంది. కొత్తగా సుడి విప్పుకునే ఆకు మాత్రం ప్రతిసారీ లేతపచ్చగానే బయటికొచ్చి, ఎండలో నిలబడ్డాక నల్లబడుతుంది. అందువల్ల ఎదిగే దశలో ఏ రోజు చూసినా ఒకే మొక్క మీద నాలుగు రకాల రంగులు కనిపిస్తాయి: సుడిలో లేతపచ్చ, దాని కింద ఈనె మాత్రమే ముదిరిన ఆకు, ఇంకా కింద నిండా రంగెక్కిన ఆకులు, అడుగున నీడలో పచ్చదనం మిగిలిన ముదురాకులు. ఎండ ఎక్కడ ఎంత తగిలిందో మొక్క తన ఒంటిమీదే చూపిస్తుంది. తోట పెంచేవాళ్లకు ఇది పనికొచ్చే సంగతి కూడా. మొక్కలో ఒకవైపు పచ్చగా మిగిలిపోతుంటే అటువైపు నీడ పడుతోందని అర్థం. కుండీ అయితే తిప్పి పెట్టాలి, నేలలో అయితే నీడ పడేసే పక్క చెట్టు కొమ్మ నరకాలి.

ఈ దశలో పెంచేవాళ్ల ఒడుపు ఒక్కచోట గట్టిగా పరీక్షకొస్తుంది. నారును చిన్న కుండీలో ఎక్కువకాలం ఉంచకూడదు. సజ్జ పీచువేళ్ల మొక్క, వేళ్లు వేగంగా అల్లుకుపోతాయి. కుండీ అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుంటే మొక్క తన కాలం అయిపోయిందనుకుని తొందరపడి కంకి వేసేస్తుంది. రెండడుగుల మొక్క మీద బొటనవేలంత కంకి. ఆ తర్వాత ఎంత పెద్ద కుండీలోకి మార్చినా, ఎంత ఎరువు వేసినా ఆ మొక్క మళ్లీ పెరగదు. కాబట్టి వేళ్లు మట్టిగడ్డను పట్టి ఉంచేంతగా అల్లుకోగానే, అడుగుకు చేరి చుట్టుకోకముందే, నేలలోకో పెద్ద కుండీలోకో మార్చాలి. ఒక్క మొక్కకు పన్నెండు అంగుళాల కుండీ కావాలి. నేలలో అయితే అడుగు, అడుగున్నర దూరం. వరి నారు తీసి నాటే రైతు ముదురు నారు నాటితే పిలక వేయదని ఎలా చెబుతాడో, ఇక్కడా అంతే. పెంచే నేర్పంతా ఆ నాలుగు రోజుల్లోనే ఉంది.

నేలలో కుదురుకున్నాక పెద్దగా చాకిరీ అడగదు. మొదలు దగ్గర పిలకలు వేస్తుంది. దగ్గరదగ్గరగా నాటితే పిలకలు తగ్గి ఒకే కాండం బలంగా లేస్తుంది, ఎడం ఇస్తే గుబురవుతుంది. ఎలా కావాలో మనం నిర్ణయించుకోవచ్చు. నత్రజని ఎక్కువ పెడితే కాండం మెత్తబడి గాలివానకు వాలిపోతుంది. మట్టి తడారాక నీళ్లు పోస్తే చాలు. ఆరు గంటల ఎండ తప్పనిసరి.

పొట్ట దశ వచ్చేసరికి నేను ఈ మొక్కను వదిలి కదలలేను. చివరి ఆకు తొడుగు ఉబ్బి, దాన్ని చీల్చుకుని కంకి కొన బయటికొస్తుంది. ముదురు రంగు నూగు కప్పుకుని ఉంటుంది. ఆ నూగు అలంకారానికి పుట్టింది కాదు. సజ్జ కంకిలో ప్రతి చిరుపూల జతకూ చుట్టూ సన్నని పోచల గుత్తి ఉంటుంది. కొన్ని నాటు సజ్జల్లో ఈ పోచలు పొడవుగా, గరుకుగా ఉండి పిట్టలను గింజ దగ్గరికి రానివ్వవు. రైతులు అందుకోసమే అలాంటి సజ్జలను కొన్నిచోట్ల నిలుపుకుంటూ వచ్చారు. పర్పుల్ మెజెస్టీలో పోచలు పొట్టివి, కంకికి మెత్తని మెరుపునిచ్చి ఊరుకుంటాయి.

తర్వాత పువ్వు విచ్చే క్రమం. సజ్జలో ముందు ఆడభాగం బయటికొస్తుంది. కంకి పైభాగాన మొదలై పైకీ కిందికీ సన్నని తెల్లటి కొనలు పొడుచుకొస్తాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో కొన రెండుగా చీలి, ఒక్కో చీలిక ఈక ఆకారంలో ఉంటుంది. గాలిలో వచ్చే పుప్పొడిని పట్టుకోవడానికి ఆ అమరిక. ముదురు కంకి మీద ఆ తెల్లటి కొనలు పరుచుకున్న రెండు రోజులూ మొక్కకు ఇంకో అందం. అవి వాడిపోయే వేళకు గానీ అదే కంకిలో పుప్పొడి తిత్తులు బయటపడవు. వేలాడే తిత్తులతో కంకి రంగు మళ్లీ మారుతుంది. దులిపితే పసుపుపచ్చని పొడి లేస్తుంది. అవి కూడా రెండు విడతలుగా వస్తాయి. ఒక్కో జోడులో రెండురకాల పూలుంటాయి, ఒకటి ఆడమగ రెండూ కలిసినది, రెండోది మగది మాత్రమే. మొదటిదాని తిత్తులు రాలాక రెండోదాని తిత్తులు వస్తాయి. ఆడది ముందు, మగది తర్వాత అనే ఈ ఎడం వల్లే సజ్జ తన కంకి పుప్పొడిని తాను వాడుకోకుండా పక్కమొక్క పుప్పొడికి దారి ఇస్తుంది. తరతరాలుగా సజ్జలో అన్ని రకాలు పుట్టడానికి, కరువు నేలలకు అది ఒదిగిపోవడానికి ఈ పద్ధతి చాలా సాయపడింది. పరిశోధకులు నేర్చుకుని వాడుకున్నది కూడా ఈ ఎడాన్నే. తెల్లకొనలు రాకముందే కంకికి కాగితపు సంచి తొడిగి, సరైన రోజున కోరిన పుప్పొడి చల్లితే సంకరం సిద్ధం.

ఇంటి పెరట్లో ఒక్క కంకి దగ్గర వారం రోజులు నిలబడితే ఇదంతా కళ్లారా చూడొచ్చు. బడికెళ్లే పిల్లలకు పరాగ సంపర్కం అనే పాఠం చెప్పడానికి మందారం పువ్వు విప్పి చూపిస్తాం. సజ్జ కంకి అంతకంటే గొప్ప పాఠం, ఎందుకంటే ఇక్కడ కాలం కూడా కనబడుతుంది.

గింజ పట్టాక పిట్టలు వస్తాయి. పిచ్చుకలు, చిలకలు కంకికి వేలాడి తింటాయి. ధాన్యం రైతుకు అది నష్టం, తోటలో అది ఇంకో సీజను. వరికంకుల కుచ్చులు అల్లి పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసిన ఇళ్లు మనవి. ఎండిన సజ్జ కంకులను అలాగే కట్టి వేలాడదీయవచ్చు. పువ్వు విచ్చకముందు కోసిన కంకులు కూజాలో చాలారోజులు నిలుస్తాయి. తలకిందులుగా కట్టి నీడన ఆరబెడితే రంగు కొంత తగ్గినా రూపం చెడదు.

పర్పుల్ మెజెస్టీ తర్వాత తోబుట్టువులు వచ్చాయి. పర్పుల్ బేరన్ పొట్టిది, కుండీలకు బాగుంటుంది. జెస్టర్ లేత ఆకుపచ్చలో మొదలై ముదురుతుంది. జేడ్ ప్రిన్సెస్ ఆకులు చివరిదాకా నిమ్మపచ్చగానే ఉండి కంకి మాత్రం ముదురెరుపు, పుప్పొడి రాల్చదు. వీటిలో ఏదీ నాకు మొదటిదానికి సరిసాటి కాదు. పొట్టివాటిలో నిండుదనం ఉంది గానీ, గాలికి ఊగే నడక లేదు. సజ్జను, ఏనుగు గడ్డిని కలిపి జార్జియాలో తయారుచేసిన ప్రిన్సెస్ కరోలిన్ వంటివి ఇంకో తెగ. మన పాడిరైతులు పశువులకు పెంచే సీఓ-4 నేపియర్ కూడా అదే రెండు గడ్డుల కలయికే. సజ్జ క్రోమోజోములు 14, ఏనుగు గడ్డివి 28, సంకరానికి 21. అందువల్ల అది గింజ కట్టదు, కణుపులు నాటుకోవాల్సిందే.

గింజ కట్టడం, కట్టకపోవడం అలంకరణ గడ్డుల్లో చిన్న విషయం కాదు. ఫౌంటెన్ గ్రాస్ అనే అందమైన ఆఫ్రికా గడ్డి హవాయి దీవుల్లో తోటల నుంచి తప్పించుకుని కొండలకు పాకింది. ఎండాకాలంలో అది అంటుకుని అక్కడి చెట్లను దహిస్తోంది. గింజ వేసే ఆ గడ్డిని పెరట్లోకి తెచ్చుకునేముందు ఎవరైనా ఆలోచించుకోవాలి. సజ్జతో ఆ భయం లేదు. నాలుగువేల ఏళ్లకు పైగా మనిషి చేతిలో పెరిగిన పంట అది, గింజ రాలకుండా కంకిలోనే నిలిచేలా మారిపోయింది. ఒక్క సీజనుతో ముగుస్తుంది, మనం విత్తితేనే మళ్లీ వస్తుంది.

హైబ్రిడ్ కాబట్టి దాచుకున్న గింజ వేస్తే మరుసటి ఏడు అదే మొక్క రాదు. ఎత్తులు మారతాయి, రంగుల్లో హెచ్చుతగ్గులు వస్తాయి, చుట్టుపక్కల మామూలు సజ్జ ఉంటే పచ్చనివీ పుడతాయి. పతకం గెలిచిన మొక్కే కావాలనుకునేవాళ్లు ఏటా కొత్త విత్తనం కొనాల్సిందే. డాలస్‌లోనో అట్లాంటాలోనో పెరడు ఉన్న తెలుగువాళ్లకు ఇది ఇబ్బంది కాదు. వసంతంలో ప్యాకెట్లు దొరుకుతాయి. అయితే సెలవుల్లో ఊరికొస్తూ పెట్టెలో నాలుగు గింజలు వేసుకురావద్దని నా మనవి. బయటి దేశాల విత్తనం తేవడానికి మనకు 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వులున్నాయి. సజ్జ మన మెట్టరైతుల ఆహార పంట. ఒక ప్యాకెట్‌తో వచ్చే తెగులు అనంతపురం, ప్రకాశం, కర్నూలు పొలాలకు ఎక్కితే నష్టపోయేది తోటలు పెంచేవాళ్లు కాదు.

అసలు మనకు ఆ ప్యాకెట్టే అక్కర్లేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యునిధిలో 20 వేలకు పైగా సజ్జ నమూనాలు భద్రంగా ఉన్నాయి. కణుపు దగ్గర ఊదా పట్టీ ఉన్నవి, ముదురు పోచల కంకులవి, మూరెడు కంకులవి, ఎన్నెన్నో. మన పల్లెల సజ్జల్లో కూడా మొదలు దగ్గర ఎరుపు తిరిగేవి కనిపిస్తాయి. పచ్చని మామూలు సజ్జకైతే రంగు ఒక్కటే తక్కువ. సుడి విప్పే ఆకు, పొట్ట చీల్చుకునే కంకి, తెల్లకొనలు, పసుపు పొడి, పిట్టలు అన్నీ అవే. పెరట్లో గడ్డి కనబడితే పీకేయడమే మనకు అలవాటు, అందుకే అలంకరణ గడ్డి అనగానే విదేశీ మొక్కల వైపు చూస్తాం.

ఈ తొలకరికి ఇంట్లో డబ్బాలోంచి గుప్పెడు సజ్జలు తీసి, ఒకరోజు తడిగుడ్డలో కట్టి మొలకెత్తుతున్నాయో లేదో చూసుకోండి. మొలిచినవాటిలో పదింటిని ఎండ తగిలే చోట, అడుగున్నర ఎడంగా నాటండి. ఆషాఢం, శ్రావణం గడిచి వినాయకచవితి వచ్చేసరికి కంకులు వేసి ఉంటాయి. పాలవెల్లికి మొక్కజొన్న పొత్తుల పక్కన రెండు సజ్జ కంకులు కట్టండి, మిగతావి పిట్టలకు వదిలేయండి.